యూజర్ల సొంత వెబ్ డైరెక్టరీలు: అమరిక, అనుమతులు, జాగ్రత్తలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు అపాచీ వెబ్ సర్వర్‌లో ఒక్కొక్క యూజర్‌కు సొంత వెబ్ డైరెక్టరీని ఏర్పాటు చేయగలరు. చిరునామాలో టిల్డె గుర్తు ఉన్నప్పుడు సర్వర్ ఏ ఫైలు కోసం వెతుకుతుందో చెప్పగలరు. పేజీ తెరుచుకోనప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టగలరు. వీటన్నిటికన్నా ముఖ్యంగా, ఒక పేజీని లోకానికి చూపించడం కోసం ఆ మనిషి హోమ్ డైరెక్టరీని ఎంతవరకు తెరవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించగలరు.

ఉదాహరణలన్నీ ఉబుంటు లినక్స్‌లోని అపాచీ 2.4 కు సంబంధించినవి. కమాండ్లను, ఫైళ్ళ పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇచ్చాం. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. స్పెల్లింగులో సందేహం రాగల చోట అక్షరాలను విడదీసి చెప్పాం. అపాచీ ఆదేశాల్లో పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఫైళ్ళ పేర్లలో మాత్రం ఆ తేడా ఉంటుందని మరచిపోకండి.

7.1 పరిచయం

మీ అధ్యయన కేంద్రంలో ఒకే ఒక్క లినక్స్ సర్వర్ ఉందనుకోండి. అరవై మంది విద్యార్థులకు అందులో ఖాతాలున్నాయి. ప్రతి ఒక్కరూ తాము రాసిన హెచ్‌టీఎంఎల్ పేజీని బ్రౌజర్‌లో చూసుకోవాలి, స్నేహితులకు చూపించాలి. అందరికీ సర్వర్ ముఖ్య డైరెక్టరీలో రాసే హక్కు ఇస్తే ఒకరి ఇండెక్స్ పేజీని ఇంకొకరు చెరిపేస్తారు. ఎవరి పేజీ వచ్చినా నిర్వాహకుడే తీసుకుని పెట్టాలంటే ఆయనకు వేరే పని సాగదు. అందుకని ప్రతి యూజర్‌కూ తన హోమ్ డైరెక్టరీలోనే ఒక చోటు చూపించి, అందులో ఏది పెడితే అది వెబ్‌లో కనిపించేలా చేస్తారు. అపాచీలో ఈ పని చేసే మాడ్యూల్ పేరు మోడ్_యూజర్‌డిర్.

అమర్చడానికి అయిదు నిమిషాలు చాలు. అయినా దీనికి ఒక యూనిట్ కేటాయించడానికి కారణం ఉంది. హోమ్ డైరెక్టరీ అనేది మనిషి సొంత ఇల్లు. అందులో అసైన్‌మెంట్లుంటాయి, ఉత్తరాలుంటాయి, రహస్య తాళాలుంటాయి. తరగతి ప్రతినిధి అయితే తోటివారి మార్కులు, ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి. ఆ ఇంట్లోకి ఇప్పుడు వెబ్ సర్వర్ అనే పరాయి మనిషికి దారి ఇస్తున్నాం. ఆ దారి వెడల్పు ఎంత అన్నదే ఈ యూనిట్‌లోని అసలు విషయం.

7.2 టిల్డె గుర్తు ఎక్కడిది?

లియర్ సీగ్లర్ అనే సంస్థ తయారు చేసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ 1970ల నడుమ మార్కెట్లోకి వచ్చింది. దాని కీబోర్డులో టిల్డె గుర్తు ఉన్న కీ మీదే హోమ్ అనే మాట కూడా ఉండేది. బర్కిలీలో బిల్ జాయ్ ఆ టెర్మినల్ మీదే పని చేశాడు. ఆయన రాసిన సీ షెల్‌లో టిల్డె అంటే హోమ్ డైరెక్టరీ. టిల్డె పక్కన పేరు రాస్తే ఆ పేరు గల యూజర్ హోమ్ డైరెక్టరీ. ఒక కీ మీద రెండు గుర్తులు కలిసి ఉండటం వల్ల ఏర్పడిన అలవాటు ఇప్పటికీ కొనసాగుతోంది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెకూల్ రాసిన వెబ్ సర్వర్ ఈ అలవాటును చిరునామాల్లోకి తెచ్చుకుంది. పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అనే డైరెక్టరీ పేరు కూడా ఆ సర్వర్ నుంచి వచ్చినదే. మెకూల్ ఆ సంస్థను వదిలిన తరువాత సర్వర్ నిర్వాహకులు కొందరు తమ తమ మార్పులను ఒకచోట చేర్చుకుని 1995లో అపాచీని విడుదల చేశారు. కాబట్టి అపాచీకి ఇది పుట్టుకతో వచ్చిన గుణమే.

పాత పుస్తకాల్లో టిల్డెకు బదులు శాతం గుర్తు, 7, ఈ అని రాసిన చిరునామాలు కనిపిస్తే తికమక పడకండి. 1994 నాటి చిరునామా ప్రమాణంలో టిల్డెను నేరుగా వాడదగని గుర్తుల్లో చేర్చారు. 1998లో ఆ ఆంక్ష తొలగించారు. ఇప్పుడు రెండు రూపాలకూ అర్థం ఒకటే.

విశ్వవిద్యాలయాల్లో ఆచార్యుల, విద్యార్థుల పేజీలు చాలాకాలం ఈ పద్ధతిలోనే నడిచాయి. ఇది పాతబడిందని కొందరంటారు. 2014లో పాల్ ఫోర్డ్ అనే రచయిత టిల్డె క్లబ్ పేరుతో ఒకే ఒక్క లినక్స్ సర్వర్ పెట్టి, అడిగినవారికి అందులో ఖాతాలిస్తే జనం ఎగబడి చేరారు. నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి సాధనం నాకు కనిపించలేదు. ఫైలు, యజమాని, అనుమతి, చిరునామా అనే నాలుగింటి సంబంధం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

7.3 సర్వర్ చిరునామాను ఎలా చదువుతుంది?

బ్రౌజర్‌లో సర్వర్ పేరు తరువాత /~లక్ష్మి/పాఠం.హెచ్‌టీఎంఎల్ అని అడిగారనుకోండి. గీత వెంటనే టిల్డె ఉన్నట్లు మోడ్_యూజర్‌డిర్ గమనిస్తుంది. టిల్డె నుంచి తరువాతి గీత వరకు ఉన్న భాగాన్ని యూజర్ పేరుగా తీసుకుంటుంది. లక్ష్మి హోమ్ డైరెక్టరీ ఎక్కడుందో సర్వర్‌లోని ఖాతాల పట్టికలో, అంటే /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ ఫైలులో చూస్తుంది. దానికి పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ చేర్చి, మిగిలిన భాగాన్ని చివర తగిలిస్తుంది. అప్పుడు తయారయ్యే దారి ఇది:

/హోమ్/లక్ష్మి/పబ్లిక్_హెచ్‌టీఎంఎల్/పాఠం.హెచ్‌టీఎంఎల్

ఇది యూజర్‌డిర్ ఆదేశంలో కేవలం డైరెక్టరీ పేరు ఇచ్చినప్పటి సంగతి. ఆ ఆదేశానికి పూర్తి దారి ఇస్తే, ఉదాహరణకు /ఎస్ఆర్‌వీ/వెబ్ అని రాస్తే, సర్వర్ ఖాతాల పట్టికను చూడదు. నేరుగా /ఎస్ఆర్‌వీ/వెబ్/లక్ష్మి కి పోతుంది. దారిలో నక్షత్రం గుర్తు పెట్టి /హోమ్/*/పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అని రాస్తే నక్షత్రం ఉన్నచోట యూజర్ పేరు వచ్చి కూర్చుంటుంది. అప్పుడూ పట్టికను చూడదు. ఆ ఆదేశంలో దారికి బదులు వేరే సర్వర్ చిరునామా ఇస్తే బ్రౌజర్‌ను అక్కడికి పంపిస్తుంది. పట్టికను చూడటం, చూడకపోవడం అన్న ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. 7.8, 7.9 విభాగాల్లో దీనితో పని పడుతుంది.

7.4 అమరిక

ముందుగా మాడ్యూల్‌ను చేతనం చేయాలి. నిర్వాహక హక్కుతో ఏ2ఎన్‌మోడ్ యూజర్‌డిర్ అనే కమాండ్ ఇవ్వండి. మొదటి మాట స్పెల్లింగ్ ఏ, 2, ఈ, ఎన్, ఆపైన మోడ్. తరువాత సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2 తో సర్వర్‌ను మళ్ళీ మొదలుపెట్టండి. ఇక లక్ష్మి తన ఖాతాలో ప్రవేశించి ఎంకేడిర్ కమాండ్‌తో పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ డైరెక్టరీని సృష్టించుకుని అందులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ పెట్టుకోవాలి. ఇకపై చేరబోయే యూజర్లకు ఈ డైరెక్టరీ దానంతటదే ఏర్పడాలంటే /ఈటీసీ/స్కెల్ లోపల ఒక ఖాళీ పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ పెట్టి ఉంచండి. కొత్త ఖాతా తెరిచినప్పుడల్లా స్కెల్‌లో ఉన్నదంతా కొత్త హోమ్‌లోకి నకలవుతుంది.

మాడ్యూల్‌తో పాటు యూజర్‌డిర్.కాన్ఫ్ అనే ఫైలు వస్తుంది. దాన్ని ఒకసారి తెరిచి చదవండి. అందులో రెండో ఆదేశం యూజర్‌డిర్ డిజేబుల్డ్ రూట్. రూట్ యూజర్‌ను ఎందుకు మినహాయించారు? ఎవరైనా తెలియక యూజర్‌డిర్‌కు పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ బదులు చుక్క, గీత మాత్రమే ఇచ్చారనుకోండి. అప్పుడు రూట్ హోమ్ డైరెక్టరీయే వెబ్‌లోకి వస్తుంది. కొన్ని పాత వ్యవస్థల్లో రూట్ హోమ్ అంటే ఫైలు వ్యవస్థ మొదలే. ఆ ఒక్క వరస ఉంటే ఆ తలుపు మూసే ఉంటుంది.

కొద్దిమందికి మాత్రమే ఈ సౌకర్యం ఇవ్వదలిస్తే యూజర్‌డిర్ డిజేబుల్డ్ అని ఒక వరసలో రాసి, తరువాతి వరసలో యూజర్‌డిర్ ఎనేబుల్డ్ లక్ష్మి రవి అని పేర్లు ఇవ్వండి. నా సలహా ఈ పద్ధతే. అడిగినవారికి ఇవ్వడం, అడగనివారి తలుపు తట్టకుండా ఉండటం మంచిది.

7.5 దారి పొడవునా అనుమతులు

ఇంతవరకు చెప్పినట్లు చేసి లక్ష్మి పేజీ తెరిచి చూడండి. ఉబుంటు కొత్త వెర్షన్లలో పేజీ రాదు. 403, ప్రవేశం నిషిద్ధం అనే సమాధానం వస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీల అనుమతి 750 అయింది. అంతకుముందు 755 ఉండేది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో మొదటి నుంచీ 700. పాత పుస్తకం చూసి చేసినవారికి పని జరగకపోవడానికి తరచుగా ఇదే కారణం.

అపాచీ ఉబుంటులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే సాధారణ యూజర్‌గా నడుస్తుంది. దానికి ప్రత్యేక అధికారాలేమీ లేవు. లక్ష్మి ఫైలును చేరాలంటే దారిలోని ప్రతి డైరెక్టరీనీ ఒక్కొక్కటిగా దాటాలి. ఒక్కచోట ఆగినా పేజీ రాదు.

డైరెక్టరీ మీద అనుమతుల అర్థాన్ని ఇక్కడ జాగ్రత్తగా గ్రహించాలి. గత యూనిట్‌లో చదవడం 4, రాయడం 2, అమలు 1 అని నేర్చుకున్నాం. ఫైలు విషయంలో అర్థం తేలికే. డైరెక్టరీ విషయంలో చదవడం అంటే లోపల ఏయే పేర్లున్నాయో జాబితా చూడటం. రాయడం అంటే లోపల పేర్లను చేర్చడం, తీసేయడం. అమలు అంటే ఆ డైరెక్టరీని దాటి లోపలికి పోవడం. పల్లెటూళ్ళో పెరటి బావి నీళ్ళకు ఇరుగుపొరుగు ఇంటి పక్క సందులోంచి నడిచి వెళ్ళేవారు. సందులో నడిచే హక్కు వేరు, గదుల్లోకి తొంగి చూసే హక్కు వేరు. వెబ్ సర్వర్‌కు హోమ్ డైరెక్టరీలో కావలసింది నడిచే హక్కు ఒక్కటే. జాబితా చూసే పని దానికి లేదు.

అందుకే పుస్తకాల్లో సాధారణంగా ఇచ్చే మార్గం ఇది: సీహెచ్‌మోడ్ 711 /హోమ్/లక్ష్మి. యజమానికి అన్ని హక్కులు, గుంపుకూ ఇతరులకూ దాటిపోయే హక్కు మాత్రమే. పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌కు 755, లోపలి ఫైళ్ళకు 644. పేజీ వెంటనే కనిపిస్తుంది.

అయితే 711 మీరు అనుకున్నంత మూసి ఉండదు. అది పేర్లను దాస్తుంది గాని విషయాన్ని దాచదు. లక్ష్మి హోమ్‌లో మార్కులు.సీఎస్‌వీ అనే ఫైలు 644 అనుమతితో ఉందనుకోండి. అదే సర్వర్‌లో ఖాతా ఉన్న రవి ఆమె హోమ్‌లోని జాబితాను చూడలేడు. కాని ఆ పేరు తెలిసినా, ఊహించినా పూర్తి దారి ఇచ్చి ఫైలును చదవగలడు. ఒకే తరగతివాళ్ళు ఒకే పాఠం చదివి ఒకే రకమైన పేర్లు పెడతారు కాబట్టి ఊహించడం కష్టమేమీ కాదు. అంటే లక్ష్మి పేజీని లోకానికి చూపించబోయి, లోకంతో సంబంధం లేని ఫైలును తోటి యూజర్లందరికీ అందుబాటులో పెట్టాం.

దీనికి ఇంకా సన్నని దారి ఉంది. హోమ్‌ను 750 లోనే ఉంచి, సెట్‌ఎఫ్ఏసీఎల్ అనే కమాండ్‌తో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే ఒక్క యూజర్‌కు మాత్రమే దాటిపోయే హక్కు ఇవ్వవచ్చు:

సెట్‌ఎఫ్ఏసీఎల్ -ఎం యు:డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా:ఎక్స్ /హోమ్/లక్ష్మి

ఈ కమాండ్ దొరకలేదని వస్తే ముందుగా ఏసీఎల్ అనే ప్యాకేజీని స్థాపించుకోండి. కమాండ్ పని చేసిన తరువాత అనుమతుల జాబితాలో లక్ష్మి హోమ్ చివర కూడిక గుర్తు కనిపిస్తుంది. ఇప్పుడు సర్వర్ పోగలదు, రవి పోలేడు. ఒక చిక్కు మాత్రం ఉంది. తరువాత ఎప్పుడైనా లక్ష్మి జాగ్రత్త కోసమని తన హోమ్‌కు సీహెచ్‌మోడ్ 700 ఇస్తే ఈ మినహాయింపు కూడా అణిగిపోయి పేజీ ఆగిపోతుంది. నియమం జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది గాని పని చేయదు.

777 సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ 403 కనిపించగానే 777 కొట్టేవారు ఒకరిద్దరు ఉండేవారు. పేజీ వస్తుంది, నిజమే. దానితోపాటు సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా ఆ హోమ్‌లో ఫైలు పెట్టవచ్చు, ఉన్నదాన్ని తీసేయవచ్చు. పైగా తాళపు ఫైలుతో ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించేవారికి మర్నాడు ఖాతా తెరుచుకోదు. హోమ్‌లో ఇతరులు రాయగలిగితే ఆ తాళాన్ని నమ్మకూడదన్నది ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నియమం. ఈ రెంటికీ సంబంధం ఉందని తెలియక రోజంతా తల పట్టుకున్నవారిని చూశాను.

లోపం ఎక్కడుందో ఊహించనక్కర లేదు. నేమ్‌ఐ -ఎల్ అనే కమాండ్‌కు పూర్తి దారి ఇస్తే మొదటి గీత నుంచి చివరి ఫైలు దాకా ఒక్కొక్క మెట్టు అనుమతినీ, యజమానినీ వరసగా చూపిస్తుంది. దీన్ని అలవాటు చేసుకోండి. రెండో సాధనం /వార్/లాగ్/అపాచీ2/ఎర్రర్.లాగ్. బ్రౌజర్‌లో అన్ని 403 లూ ఒకేలా కనిపిస్తాయి గాని లాగ్‌లో తేడా తెలుస్తుంది. దారిలో ఏదో ఒక మెట్టు దగ్గర వెతికే అనుమతి లేదని ఉంటే డైరెక్టరీలను చూడాలి. ఫైలు అనుమతి అడ్డుపడిందని ఉంటే ఫైలును చూడాలి. సర్వర్ అమరిక ప్రకారం నిరాకరించామని ఉంటే అనుమతులతో పని లేదు, కాన్ఫ్ ఫైలును చూడాలి. 403 కాక 404 వస్తే మాడ్యూల్ చేతనం కాలేదేమో, పేరులో తప్పుందేమో చూడండి.

రెడ్‌హ్యాట్, ఫెడోరాల్లో ఎస్ఈలినక్స్ అనే మరో కాపలా ఉంటుంది. అనుమతులన్నీ సరిగ్గా ఉన్నా అది ఒప్పుకోకపోతే పేజీ రాదు. అక్కడ సెట్‌ఎస్ఈబూల్ -పీ కమాండ్‌తో హెచ్‌టీటీపీడీ_ఎనేబుల్_హోమ్‌డిర్స్ అనే మీటను ఆన్ చేయాలి. ఎస్ఈలినక్స్‌నే ఆపేయమని చెప్పేవారి మాట వినకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రవి పేజీకి 403 వచ్చింది. నేమ్‌ఐ చూపించినది ఇది: మొదటి గీత 755, హోమ్ 755, రవి 750, పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ 755, ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ 600. రవి తన హోమ్‌కు 711 ఇచ్చాడు. మళ్ళీ 403 వచ్చింది. కారణం ఏమిటి? లాగ్‌లో ఇప్పుడు ఏమి మారి ఉంటుంది?

జవాబు: దారిలో రెండు అడ్డంకులున్నాయి. 711 తో మొదటిది పోయింది. ఇండెక్స్ ఫైలు 600 కాబట్టి యజమాని తప్ప ఎవరూ చదవలేరు. లాగ్‌లో మొదట వెతికే అనుమతి లేదని ఉంటుంది, తరువాత ఫైలు అనుమతి అడ్డుపడిందని మారుతుంది. ఆ ఫైలుకు 644 ఇస్తే సరిపోతుంది. రవి యూమాస్క్ 077 అయి ఉంటే అతడు రాసే ప్రతి కొత్త ఫైలూ 600 గానే పుడుతుంది. కాబట్టి దాన్ని కూడా చూడాలి.

7.6 జాబితాలు, లింకులు

యూజర్‌డిర్.కాన్ఫ్‌లో ఆప్షన్స్ అనే వరస ఉంది. అందులోని ఇండెక్సెస్ అనే మాట వల్ల, ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ లేని డైరెక్టరీని అడిగితే లోపలి ఫైళ్ళ జాబితా కనిపిస్తుంది. అభ్యాసానికి ఇది సౌకర్యమే. కాని ఎడిటర్ వదిలిన పాత నకళ్ళు, సగంలో ఆపిన పేజీలు కూడా అందులో కనిపిస్తాయి. లక్ష్మి తన డైరెక్టరీలోని .హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఆప్షన్స్ -ఇండెక్సెస్ అని రాస్తే జాబితా ఆగడం అటుంచి 500 లోపం వస్తుంది. కాన్ఫ్‌లోని అలౌఓవర్‌రైడ్ వరసలో యూజర్లకు ఇచ్చిన స్వేచ్ఛల్లో ఆప్షన్స్ లేదు. ఇండెక్సెస్ వర్గం ఉంది కాబట్టి ఇండెక్స్‌ఇగ్నోర్, ఖాళీ, నక్షత్రం అని రాసుకోవచ్చు. అప్పుడు జాబితా ఖాళీగా కనిపిస్తుంది. జాబితా కనిపించకపోయినా పేరు తెలిసినవారికి ఫైలు అందుతుందని వేరే చెప్పనక్కర లేదు. గిట్ వాడేవారు తమ ప్రాజెక్టును యథాతథంగా పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌లో పెట్టకండి. .గిట్ డైరెక్టరీలో ఆ ప్రాజెక్టు చరిత్ర అంతా, మీరు ఎప్పుడో తీసేసిన పాస్‌వర్డుతో సహా, ఉంటుంది.

అదే వరసలో సిమ్‌లింక్స్‌ఇఫ్‌ఓనర్‌మ్యాచ్ అనే పొడవాటి మాట ఉంటుంది. రవి తన వెబ్ డైరెక్టరీ నుంచి లక్ష్మి ఫైలుకు ఒక సింబాలిక్ లింకు పెట్టాడనుకోండి. సర్వర్ ఆ ఫైలును చదవగలదు కాబట్టి రవి చిరునామాలో అది లోకానికంతటికీ కనిపించాలి. లింకు యజమాని, ఫైలు యజమాని ఒకరే అయితేనే చూపించమని ఈ మాటకు అర్థం. దీన్ని కట్టుదిట్టమైన రక్షణగా లెక్కించవద్దని అపాచీ పత్రాలే చెబుతాయి. సర్వర్ తనిఖీ చేసిన క్షణానికీ ఫైలు తెరిచిన క్షణానికీ నడుమ లింకును మార్చే అవకాశం ఉంది.

7.7 ప్రోగ్రాములు నడిపితే?

ఉబుంటులో పీహెచ్‌పీ మాడ్యూల్‌ను స్థాపిస్తే యూజర్ల వెబ్ డైరెక్టరీల్లో మాత్రం అది పని చేయకుండా ఆపి ఉంచుతారు. విద్యార్థులు దీన్ని లోపం అనుకుని ఆ వరసలను తీసేస్తారు. తీసేసే ముందు ఆలోచించండి. పీహెచ్‌పీ ప్రోగ్రామును ఎవరు రాసినా అది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరుతోనే నడుస్తుంది. లక్ష్మి తన డేటాబేస్ పాస్‌వర్డును ఒక ఫైలులో పెట్టింది. సర్వర్ చదవాలి కాబట్టి అనుమతి ఇచ్చింది. రవి రాసిన పీహెచ్‌పీ కూడా అదే సర్వర్ పేరుతో నడుస్తుంది కనుక ఆ ఫైలును తెరిచి చూపించగలదు. మనం సెట్‌ఎఫ్ఏసీఎల్‌తో కట్టిన గోడ ఇక్కడ పనికిరాదు. సర్వర్‌కు ఇచ్చిన దారి ఇప్పుడు రవికీ ఇచ్చినట్టే. పీహెచ్‌పీ తప్పనిసరి అయితే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం ద్వారా ఒక్కొక్క యూజర్‌కు ఒక్కొక్క పూల్ ఏర్పాటు చేసి, ఎవరి ప్రోగ్రామును వారి పేరుతోనే నడపాలి. సీజీఐ ప్రోగ్రాములకు సుఎగ్జెక్ అనే ఏర్పాటు ఆ పనే చేస్తుంది.

సర్వర్ వైపు అన్నీ సరిచేసినా బ్రౌజర్ వైపు ఒక చిక్కు మిగులుతుంది. /~లక్ష్మి, /~రవి రెండూ ఒకే సర్వర్ పేరు కింద ఉన్నాయి. బ్రౌజర్ లెక్కలో అవి రెండూ ఒకే సైటు. రవి పేజీలోని జావాస్క్రిప్ట్, లక్ష్మి పేజీ బ్రౌజర్‌లో దాచుకున్న సమాచారాన్ని చదవగలదు. కుకీకి /~లక్ష్మి అని దారి కట్టినా అది నిజమైన అడ్డు కాదు. కాబట్టి లాగిన్ అవసరమయ్యే ఏ అప్లికేషన్‌నూ ఈ సర్వర్ పేరు మీద పెట్టకూడదు. ఫలితాల పోర్టల్, ఫీజుల పేజీ వంటివి అసలే పెట్టకూడదు. గిట్‌హబ్ సంస్థ యూజర్ల పేజీలను 2013లో తన ముఖ్య డొమైన్ నుంచి విడదీసి గిట్‌హబ్.ఐఓ అనే వేరే డొమైన్‌కు మార్చడం ఈ కోవలోని భద్రతా కారణాల వల్లనే. అక్కడ ప్రతి యూజర్‌కూ వేరే ఉపడొమైన్ ఉంటుంది.

7.8 హోమ్ బయట పెడితే?

ఇంతదూరం వచ్చాక మీకు సందేహం కలగాలి. పరాయి మనిషిని ఇంట్లోంచి నడిపించడం ఎందుకు, వెబ్ పేజీలను ఇంటి బయటే పెడితే పోలేదా? కళాశాలలకు నేను సూచించేది అదే. యూజర్‌డిర్‌కు /ఎస్ఆర్‌వీ/వెబ్ అని పూర్తి దారి ఇవ్వండి. లోపల లక్ష్మి, రవి అనే డైరెక్టరీలు సృష్టించి, సీహెచ్‌ఓన్ కమాండ్‌తో వారినే యజమానులను చేయండి. హోమ్‌లు 700 లోనే ఉండవచ్చు, సర్వర్ అటు తొంగి చూడదు. లక్ష్మి సౌకర్యం కోసం ఆమె హోమ్ నుంచి తన వెబ్ డైరెక్టరీకి ఒక లింకు పెడితే చాలు.

మార్పు చేసేటప్పుడు కాన్ఫ్ ఫైలులోని డైరెక్టరీ విభాగాన్ని కూడా మార్చాలి. అది /హోమ్ కింద ఉన్న వెబ్ డైరెక్టరీలకు మాత్రమే వర్తిస్తుంది. ఉబుంటులో అపాచీ ఫైలు వ్యవస్థ మొత్తాన్ని నిషేధించి, కొన్ని చోట్లకు మాత్రమే అనుమతిస్తుంది. /ఎస్ఆర్‌వీ/వెబ్ కు రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ అని విడిగా రాయకపోతే, అమరిక ప్రకారం నిరాకరించామనే 403 వస్తుంది.

దీనితో మరో లాభం ఉంది. హోమ్ పద్ధతిలో ఖాతా ఉన్న పేరు అడిగితే 403, ఖాతా లేని పేరు అడిగితే 404 రావడం మామూలు. పాస్‌వర్డులు ఊహించి చొరబడాలనుకునేవారికి ముందుగా కావలసింది నిజమైన యూజర్ల పేర్లు. ఆ తేడాను చూసి వారు పేర్ల జాబితా తయారు చేసుకోగలరు. ఇక్కడ సర్వర్ ఖాతాల పట్టికను చూడదు కాబట్టి వెబ్ డైరెక్టరీ ఉన్నవారి పేర్లే తెలుస్తాయి. వారు ఎలాగూ తమ చిరునామాను నలుగురికీ చెప్పుకున్నవారే.

7.9 కోర్సు ముగిశాక

విద్యార్థి వెళ్ళిపోయాక ఖాతా తీసేస్తారు. ఉబుంటులో డెల్‌యూజర్ కమాండ్ ఖాతాను తీసేస్తుంది గాని హోమ్ డైరెక్టరీని అలాగే ఉంచుతుంది. మామూలు అమరికలో పట్టికలో పేరు లేదు కాబట్టి పేజీ ఆ క్షణమే ఆగిపోతుంది. నక్షత్రం అమరికలోనూ, హోమ్ బయటి అమరికలోనూ సర్వర్ పట్టికను చూడదు. అక్కడ మనిషి వెళ్ళిపోయినా పేజీ ఏళ్ళ తరబడి కనిపిస్తూనే ఉంటుంది. ఆ పేజీలో ఆమె పాత ఫోన్ నంబరు ఉంటే తీసేయమని అడగడానికి కూడా ఆమెకు ఖాతా ఉండదు.

మిగిలిన ఫైళ్ళకు యజమాని పేరు పోయి సంఖ్య మాత్రమే మిగులుతుంది. ఆ సంఖ్య తరువాత చేరే ఇంకొకరికి దక్కవచ్చు. అప్పుడు లక్ష్మి ఫైళ్ళన్నిటికీ ఆ కొత్త విద్యార్థి యజమాని అవుతాడు. అందుచేత ఖాతా తీసే రోజునే ఈ పనులు చేయండి. హోమ్‌నూ వెబ్ డైరెక్టరీనీ కలిపి ఒక టార్ ఫైలుగా కట్టి ఆ విద్యార్థికి అందజేయండి. సర్వర్‌లో ఉంచే ప్రతికి రూట్‌ను యజమానిని చేసి 600 పెట్టండి. ఫైండ్ కమాండ్‌కు -నోయూజర్ ఇచ్చి యజమాని లేని ఫైళ్ళు ఇంకా ఎక్కడైనా మిగిలాయేమో చూడండి. ఆమె తన పేజీని వేరే చోటికి మార్చుకుని ఉంటే, రీడైరెక్ట్ పర్మనెంట్ /~లక్ష్మి అని రాసి పక్కన కొత్త చిరునామా ఇవ్వండి. ఒక సెమిస్టర్ పాటు ఆ వరసను అలాగే ఉంచండి.